దేవునికి కట్టిన బాకీ

నంద్యాల నూనెపల్లెలో కొళాయి నీళ్లు వచ్చే వేళకే ప్రమీల కుట్టుమిషను ముందు కూర్చుని ఉంటుంది. బడులు తెరిచే రోజులు దగ్గరపడితే ఆ ఇంట్లో కాలు పెట్టే చోటుండదు. మంచం మీద నీలం నిక్కర్లు, కుర్చీ మీద గళ్ల చొక్కాలు, కిటికీ ఊచకు వేలాడే కొలత టేపు. బిందెలు నింపే పని ఇమ్మానుయేలుది. ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా రిటైరైనప్పటి నుంచి ఆయన చెప్పిన పనీ చేస్తున్నాడు, చెప్పని పనీ చేస్తున్నాడు. మాటలు మాత్రం రోజురోజుకూ తగ్గిపోతున్నాయి.

కూతురు జెస్సికా జడ అల్లుకుంటూ వసారాలోకి వచ్చింది. ఊళ్లోనే ఒక ప్రైవేటు ఆస్పత్రిలో బిల్లులు కొట్టే ఉద్యోగం ఆ అమ్మాయిది.

"అమ్మా, బ్యాంకోళ్లు ఫోన్ చేసినారా?"

"ఈ పొద్దు చేస్తామన్నారు. చేయనీలే, తొందరేముండాది?"

"తొందరేముండాదా? ఫైనాన్సోళ్లు నిన్న ఆస్పత్రికే ఫోన్ చేసినారు. రెండు కంతులు నిలిచిపోయినాయంట. మూడోది కూడా నిలిస్తే ఇంటి గోడకు నోటీసు అతికిస్తారంట. కౌంటర్ కాడ అందరూ వింటాండారు. నా తల కొట్టేసినట్లయింది."

ఇల్లు కట్టుకున్నప్పుడు తొందరపడి దాన్ని ఒక ఫైనాన్సు కంపెనీలో తాకట్టు పెట్టారు. జీతం ఉన్నన్నాళ్లూ ఎలాగో కట్టారు. వడ్డీ పెరుగుతూ పోయింది, జీతం ఆగిపోయి చాలీచాలని పింఛను మిగిలింది. ఆ అప్పును ఒక బ్యాంకు తన మీదికి తీసుకుంటే వడ్డీ తగ్గుతుంది, నెల కంతు దాదాపు సగమవుతుంది. మూడు నెలలుగా ముగ్గురూ ఆ బ్యాంకు ఫోను కోసమే ఎదురుచూస్తున్నారు.

ఇమ్మానుయేలు టీ గ్లాసు తెచ్చి కూతురి పక్కన పెట్టాడు. "తాగిపోమ్మా."

"అమ్మా, నాకు టీ వద్దని చెప్పు," అంది జెస్సికా.

ఆయన అడుగు దూరంలోనే ఉన్నాడు. అయినా ఏళ్లుగా ఇంతే. తండ్రికి చెప్పాల్సింది కూడా తల్లికే చెబుతుంది.

"నువ్వే చెప్పొచ్చు గదే. మీ నాయనేమన్నా చెవిటోడా?"

"చెవిటోడు కాదులేమ్మా. వేలంలో కోడిని పాతికవేలకు పాడిన దొర. అంత పెద్ద దొరతో నాబోటిదానికి మాటలేం వస్తాయి?"

ఇమ్మానుయేలు గ్లాసు తీసుకుని లోపలికి వెళ్లిపోయాడు. ప్రమీలకు నవ్వూ వచ్చింది, ఆ నవ్వు మీద అసహ్యమూ వేసింది. దొర అని పేరు పెట్టింది తనే.

వాళ్ల సొంతూరు ఆళ్లగడ్డ. ఏటా అక్కడి చర్చిలో కోతల పండుగకు తప్పకుండా పోయేవాళ్లు. పండిన దాంట్లో మొదటి భాగాన్ని విశ్వాసులు దేవుని దగ్గరికి తెస్తారు. గుమ్మడికాయలు, అరటిగెలలు, జొన్నలు, కోళ్లు. ఆరాధన అయ్యాక వాటిని వేలం వేస్తారు, వచ్చిన సొమ్ము చర్చికి. వంద రూపాయల గుమ్మడికాయ ఐదువందలు పలికితే అదే గొప్ప. ఇమ్మానుయేలు మాత్రం కొన్నేళ్లు వరసగా ఇరవైవేలు, ముప్పైవేలు పాడాడు. జనం మొదట చప్పట్లు కొట్టారు, తర్వాత్తర్వాత చాటుగా నవ్వుకున్నారు. జెస్సికాకు కర్నూలులో నర్సింగు సీటు వచ్చి, ఫీజుకు పాతికవేలు తక్కువపడి ప్రమీల ఇల్లిల్లూ తిరిగిన ఏడాది కూడా ఆయన ఒక నాటుకోడిని సరిగ్గా పాతికవేలకు పాడాడు. ఎందుకయ్యా అంటే నోరు తెరవలేదు. సీటు పోయింది. ఆ కోడిని కోయడానికి ఇంట్లో ఎవరికీ చేయి రాలేదు. అది పెరట్లో తిరిగి తిరిగి ముసలిదై చచ్చింది.

జెస్సికా వెళ్లాక కాసేపటికి బ్యాంకు నుంచి ఫోను వచ్చింది. అవతల గొంతు మర్యాదగానే ఉంది.

"మేడం, మీ ఇంటి మీద ఆళ్లగడ్డ కోర్టు జప్తు ఉంది. అబ్రహాము అనే ఆయన మీ ఆయన మీద వేసిన దావాలో డిక్రీ అయింది. అసలు రెండు లక్షలు, వడ్డీ వేరే. ఆ బాకీ తీరినట్టు కోర్టులో నమోదైతే తప్ప మేము మీ లోను తీసుకోలేం. ఈ నెలాఖరులోగా ఆ కాగితం తెచ్చుకోండి."

ప్రమీల చేతిలో నిక్కరు అలాగే ఉండిపోయింది. అబ్రహాము ఆళ్లగడ్డ చర్చిలో పెద్ద. చనిపోయి రెండేళ్లు దాటింది. ఆయన ఎప్పుడూ తమ ఇంటికి వచ్చి ఒక్క మాట అన్నది లేదు. ఆమె లేచి పెరట్లోకి వెళ్లింది.

"ఏమయ్యా, అబ్రహామన్న కాడ నువ్వు దుడ్లు తీసుకున్నావా?"

ఇమ్మానుయేలు బిందె కిందికి దించాడు. "తీసుకోలే. జామీనున్నా."

"ఎవరికి?"

ఆయన తువ్వాలుతో చేతులు తుడుచుకున్నాడు. ఆరిన చేతులనే మళ్లీ తుడుచుకున్నాడు.

"నిన్నే అడిగేది. ఎవరికి?"

"ఆ బాకీ తీరిపోయింది ప్రమీలా."

"తీరిపోతే కోర్టులో ఎందుకుండాది?"

"కాయితం రాయించుకోలే."

"ఎప్పుడు కట్టినావు? యాడ తెచ్చి కట్టినావు? నాకు తెల్యకుండా రెండు లచ్చలు నీకు ఏ మబ్బులోనుంచి ఊడిపడె?"

"అది చెప్పగూడదు. చెప్పనని అబ్రహామన్నకు మాటిచ్చినా."

"సచ్చిపోయినోనికిచ్చిన మాట కోసరం బతికుండే పెండ్లాం బిడ్డల్ని రోడ్డు మీదికి ఈడుస్తావా?"

ఆయన తల వంచుకున్నాడు. ఆ మౌనం ఆమెకు కొత్త కాదు. కోడి రోజు కూడా ఇలాగే నిలబడ్డాడు. కట్టానని అబద్ధం చెబుతున్నాడనే ఆమె నిశ్చయించుకుంది. మర్నాడు తన చేతి గాజులు నాలుగూ కుదువ పెట్టి లక్ష రూపాయలు తెచ్చింది. జెస్సికా దగ్గర ఇంకో లక్ష ఉందని ఆమెకు తెలుసు. ల్యాబ్ టెక్నీషియన్ కోర్సులో చేరడానికి ఆ అమ్మాయి చీటీ కట్టి కూడబెట్టుకున్న డబ్బు. దాని ఊసే ఎత్తకూడదనుకుంది.

"నేనూ వస్తా," అన్నాడు ఇమ్మానుయేలు, ఆమె చెప్పులు వేసుకుంటుంటే.

"వచ్చి ఏం చేస్తావ్? ఆడ కూడా నోరు మూసుకోని నిలబడేదానికా? నువ్వొద్దు."

అబ్రహాము భార్య రాహేలమ్మ ఇల్లు ఆళ్లగడ్డలో చర్చి వెనక సందులో ఉంది. ఆమె వసారాలో గోనెసంచి పరుచుకుని చింతపండు గింజలు తీస్తోంది. వేళ్లు నల్లబడి ఉన్నాయి. ప్రమీలను చూసి కళ్లు చికిలించింది.

"ఎవరూ, ప్రమీలనా? రామ్మా. ఇట్ల కూచో, చింతపండు మీద కూచునేవు సూడు, అంగడాయన తూకమేసి ఇచ్చినాడు. తక్కువొస్తే నేను తిన్నానంటాడు. జెస్సికా బాగుండాదా? పెండ్లెప్పుడని అడగన్లే. సంఘంలో ఆడోళ్లు ఈ పాటికి అడిగి అడిగి చంపింటారు."

ప్రమీల నవ్వబోయింది, నవ్వు రాలేదు. చేతిగుడ్డలో కట్టిన నోట్లు తీసి ఆమె ముందు పెట్టింది.

"అక్కా, మా ఆయన అబ్రహామన్నకు బాకీ ఉండెనంట. మొన్నటిదాకా నాకు తెల్దు. అసలులో సగం తెచ్చినా. తక్కింది నెలనెలా కట్టుకుంటా. బాకీ తీరిందని కోర్టులో ఒక్క మాట చెప్పక్కా. ల్యాకపోతే ఇల్లు పోతాది."

రాహేలమ్మ నోట్ల వైపు చూసింది. చేతులు పైటకు తుడుచుకుంది గాని వాటిని ముట్టుకోలేదు.

"కట్టలేదని నీకెవరు చెప్పినారు?"

"కోర్టులో..."

"కట్టినాడు. పైసా మిగల్చకుండా కట్టినాడు మీ ఆయన. నాకు కాదు, అదిగో, ఆయనకు." గడ్డంతో చర్చి గోడ వైపు చూపించింది.

ప్రమీలకు అర్థం కాలేదు. రాహేలమ్మ గింజలు తీస్తూనే చెప్పింది. అబ్రహాము దావా వేసి డిక్రీ తెచ్చుకున్నాక సంఘంలో గుసగుసలు బయలుదేరాయి. సంఘ పెద్ద అయ్యుండి సాటి విశ్వాసిని కోర్టుకు ఈడ్చాడన్నారు. పాస్టరు అయ్యగారు ఇద్దరినీ పిలిపించారు. అబ్రహాముకు తల తీసేసినట్లయింది. ఆ ఆవేశంలో లేచి నిలబడి, ఈ సొమ్ము నేను ముట్టను, దేవునికి ఇచ్చేశాను, నువ్వు ఆయనకే కట్టు, ఎవరికీ చెప్పుకోవద్దు, చెప్పుకుంటే అది దానం కాదు అన్నాడు. ఇమ్మానుయేలు మోకాళ్ల మీద కూర్చుని సరేనన్నాడు.

"ఏటా కోతల పండుగకు మీ ఆయన గుమ్మడికాయకు ఎంత పాడితే మా ఆయన బాకీలో అంత తగ్గించుకుంటా వచ్చినాడు. నేను సూస్తానే ఉంటి. దేవుని ముందర తీరినాక కోర్టుతో ఏం పని అనుకున్నారు ఇద్దరూ. మహా తెలివిగలోళ్లు గదా మొగోళ్లు!"

"కోడి..." అంది ప్రమీల.

"కోడీ అంతే."

చర్చి ఆవరణలో నలుగురూ నవ్వుతుండగా, కోడిని చంకలో పెట్టుకుని ఇమ్మానుయేలు నడిచి వచ్చిన తీరు ప్రమీలకు గుర్తొచ్చింది. అందరికంటే గట్టిగా ఎగతాళి చేసింది తనే.

"జామీను ఎవరికక్కా?"

రాహేలమ్మ చేయి ఆగింది. "అదీ చెప్పలేదా? మీ తమ్ముడు డేనియల్‌కు. ట్రాక్టరు కొంటానని తీసుకుండె. మళ్ల ట్రాక్టరూ అమ్ముకోని బెంగుళూరు పాయ. నీకు తెల్సనే అనుకొంటి."

ప్రమీల మోకాళ్లలో ముఖం దాచుకుంది. తర్వాత ప్రమీల కళ్లు తుడుచుకుని, ఆశగా ముందుకు జరిగింది.

"అయితే కట్టేసినట్లే గదక్కా. నువ్వు కండ్లారా సూసినావు. ఆ మాటే జడ్జి ముందర చెప్పు. వస్తా వస్తా లాయరును అడిగితి, బాకీ నాకు ముట్టింది అని నువ్వంటే చాలన్నాడు."

"నాకు ముట్టింది అని చెప్పల్ల. ప్రమాణం చేసి."

"అవునక్కా."

"నాకు ముట్టలే గదా ప్రమీలా."

ఆమె గొంతులో కోపం లేదు. అందుకే ప్రమీలకు ఇంకా భయం వేసింది.

"ఆ రెండు లచ్చలు ఎవరివనుకున్నావు? మాయమ్మ నాకిచ్చిన స్థలం అమ్మిన దుడ్లు. పిల్లల్లేనిదాన్ని. ఆ స్థలమే నాకు కొడుకనుకొంటి. ఆయన అప్పిచ్చేటప్పుడు నన్నడగలే. దేవునికిచ్చేటప్పుడూ అడగలే. చర్చిలో ఫ్యాన్లుండాయే, ఆ దుడ్లతో వచ్చినవే. ఆదివారం వాటి కింద కూచుంటే ఒంటికి గాలి తగుల్తాది, కడుపు మాత్రం మండుతాది. నోరు తెరిస్తే, దేవునికిచ్చింది తిరిగి అడుగుతాందంటారు. ఆయన పోయినాక ఈ గింజలు తీసుకుంటాండా. ఒక్కసారి... ఒక్కసారి నన్ను కూచోబెట్టి, ఏమే రాహేలూ, ఇచ్చేద్దామా అని అడిగింటే, నా చేత్తో నేనే ఇచ్చేదాన్ని."

చింతపండు చేతులతో కళ్లు తుడుచుకోబోయి ఆగిపోయింది. ప్రమీల తన పైటకొంగుతో తుడిచింది.

"నీ మీద కోపం కాదమ్మా. మీ ఆయన మీదా కాదు. ముట్టంది ముట్టిందని దేవుని పేరు మీద నేను చెప్పలేను, అంతే."

"నువ్వు చెప్పింది న్యాయమేనక్కా. అయితే ఇది తీసుకో. తక్కింది కూడా తెస్తా."

రాహేలమ్మ నోట్లను వెనక్కి నెట్టింది.

"ఈ పొద్దు తీసుకోను. వడ్డీ నాకొద్దు, నా స్థలం దుడ్లు చాలు. అది కూడా, ఇంటికి పోయి మీ ఇంట్లో అందరికీ అంతా చెప్పు. అందరూ సరేనంటే తీసుకోనిరా. ఇంకో ఆడదాన్ని అడక్కుండా తెచ్చిన దుడ్లు నాకు మళ్లా వద్దు."

ప్రమీల ఇల్లు చేరేసరికి జెస్సికా ఆస్పత్రి నుంచి వచ్చేసింది. ఇమ్మానుయేలు కత్తిరించిన గుడ్డముక్కలు ఊడుస్తున్నాడు. ప్రమీల చీపురు లాక్కుని మూలకు విసిరింది.

"నా తమ్ముని బాకీ అని నాకెందుకు చెప్పలేదయ్యా?"

ఆయన ముఖం పాలిపోయింది. "అక్క చెప్పిందా?"

"చెప్పింది. అన్నీ చెప్పింది. కోడి సంగతీ చెప్పింది. అన్నేళ్లు నన్ను పిచ్చిదాన్ని చేసి ఆడిచ్చినావు. ఊరంతటి ముందర నిన్ను దొరా దొరా అని నేను ఎగతాళి పట్టిస్తాంటే, ఒక్కసారన్నా నోరు మూయవే, ఇది నీ పుట్టింటి నిర్వాకమే అని అనుండగూడదా?"

"మీయమ్మ పోయి నెల కాలే అప్పటికి," అన్నాడు ఇమ్మానుయేలు నెమ్మదిగా. "వాడు దప్ప నీకు పుట్టిల్లని ఎవరున్నారు? వాడిట్ల చేసినాడని తెలిస్తే ఆ ఒక్క గడపా నీకు లేకుండా పోతాదనుకొంటి. కోర్టు అమీనా వచ్చి గోడకు అతికించిన కాయితం కూడా నేనే చింపేసినా."

ప్రమీల నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ప్రతి క్రిస్మస్‌కూ తమ్ముడికి ఫోను చేసి, మీ బావ కంటే నువ్వే నయం రా అన్న మాటలు ఒక్కొక్కటే తిరిగొచ్చి గుచ్చుకున్నాయి.

"నా సీటు పోయింది మామ బాకీకా?"

ఇద్దరూ తిరిగి చూశారు. జెస్సికా గుమ్మం పట్టుకుని నిలబడి ఉంది. చూస్తున్నది తండ్రి వైపు. ఏళ్ల తర్వాత ఆయనతో నేరుగా అన్న మొదటి మాట అది.

"నేను ఏమనుకున్యానో తెల్సా నాయనా? నీకు నలుగుర్లో పేరు కావల్ల, నాకంటే ఆ పేరే నీకు ముఖ్యమనుకున్యా. ఆడపిల్లకు చదువెందుకులే అనుకున్నావనుకున్యా. ఇన్నేళ్లూ అదే అనుకుంటా పండుకున్యా, అదే అనుకుంటా లేచినా."

"అట్ల కాదమ్మా. దేవునికి మాటిచ్చినా..."

"దేవునికిచ్చినావు, అబ్రహాము పెద్దనాయనకిచ్చినావు. నాకియ్యలేదా? నేను టెన్తులో ఉండంగా, నిన్ను నర్సును చేస్తా, నా ముసలితనంలో నువ్వే సూది వెయ్యల్ల అని డిపో కాడ అందరి ముందరా చెప్పలేదా? అది మాట కాదా?"

ఇమ్మానుయేలు గోడకు ఆనుకుని కిందికి జారి కూర్చున్నాడు. "అదీ మాటే," అన్నాడు. పెద్ద మనిషి, ఇనుముతో పని చేసి కాయలు కాసిన చేతుల్లో ముఖం పెట్టుకుని ఏడ్చాడు. ఆయన ఏడవడం జెస్సికా ఎప్పుడూ చూడలేదు. చూడలేక లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది.

కొంతసేపటికి ఆయనే తేరుకుని, తలుపుకు వినబడేలా అన్నాడు. "ప్రమీలా, పాప చీటీ దుడ్లు మాత్రం ముట్టుకోవద్దు. ఇల్లు పోతే పోనీ. బాడుగింట్లో ఉందాం. నేను యాడన్నా వాచ్‌మెన్‌గా చేరతా. ఈసారి దాన్ని చదువుకోనీ."

మర్నాడు ఉదయం జెస్సికా ఆస్పత్రికి తయారవలేదు. వచ్చి తల్లిదండ్రుల ఎదురుగా కింద కూర్చుంది. కళ్లు ఉబ్బి ఉన్నాయి.

"ఆ పెద్దమ్మ ఏమన్నాదో ఇంకోసారి చెప్పమ్మా."

"అడిగి తెమ్మన్నాది."

"అయితే నన్నడగండి."

"వద్దమ్మా," అన్నాడు ఇమ్మానుయేలు.

"వద్దనేది మళ్ల నువ్వేనా నాయనా? అప్పుడు నన్నడక్కుండా కట్టినావు, ఇప్పుడు నన్నడక్కుండానే వద్దంటాండావు. అడుగు. ఇస్తానో ఇయ్యనో నా ఇష్టం."

ఆయన భార్య వైపు చూశాడు. ఆయన గొంతు సవరించుకున్నాడు.

"అమ్మా జెస్సికా... నీ దుడ్లు మనింటి కోసరం ఇస్తావా?"

ఆ అమ్మాయి నేల మీద పడి ఉన్న దారం ముక్కను తీసి వేలికి చుట్టుకుంది.

"ఇస్తా," అంది. అని, తల్లి ఒడిలో పడి చిన్నపిల్లలా వెక్కివెక్కి ఏడ్చింది. ఇష్టపడి ఇచ్చినా, పోయేది పోతూనే ఉంది గదా.

ఆళ్లగడ్డ కోర్టులో వాయిదా రోజున ముగ్గురూ వెళ్లారు. లాయరు ఆఫీసు అరుగు మీద జెస్సికాయే డబ్బు ఇచ్చింది. రాహేలమ్మ ఉతికిన తెల్లచీర కట్టుకుని వచ్చింది. నోట్లు తీసుకునే ముందు అమ్మాయి గడ్డం పట్టుకుని అడిగింది.

"నీకు తెల్సే ఇస్తాండావా పాపా?"

"తెల్సే ఇస్తాండా పెద్దమ్మా. సదువుకుందామని దాచినవి. మళ్లా దాచుకుంటాలే. కంతు తగ్గుతాది గదా."

రాహేలమ్మ చేయి నోట్ల దగ్గర ఆగింది. వద్దు అంటుందేమోనని ప్రమీలకు ఒక్క క్షణం ఆశ పుట్టింది. ఆ ఆశకు సిగ్గూ వేసింది. రాహేలమ్మ నోట్లు తీసుకుని సంచిలో భద్రంగా పెట్టుకుంది. ఆమెకూ ఆ డబ్బు అవసరమే.

కోర్టు హాల్లో పేరు పిలిచారు. బాకీ సొమ్ము మీకు ముట్టిందా అని జడ్జిగారు అడిగారు.

"ముట్టింది," అంది రాహేలమ్మ. ఎవరికీ వినబడలేదు.

"గట్టిగా చెప్పమ్మా."

"నాకు ముట్టింది సార్," అంది ఈసారి గట్టిగా. ఆ వెంటనే ఆమెకు ఏడుపు ముంచుకొచ్చింది. జడ్జిగారు ఆశ్చర్యంగా చూశారు. రెండు లక్షల వ్యవహారంలో సొమ్ము ముట్టినవాళ్లు ఏడవడం ఆయన ఎన్నడూ చూసి ఉండరు. లాయరు గ్లాసుతో నీళ్లు ఇచ్చాడు.

బయటికొచ్చాక ఇమ్మానుయేలు ఆమె ఎదుటికి వచ్చి చేతులు జోడించాడు. "తప్పయిపోయిందక్కా. అన్న దేవునికిచ్చినానంటే, అది నీదని నాకు తోచలే."

"నీ తప్పేముందిలేప్పా. మాట ఇచ్చినారు, మాట నిలబెట్టుకున్నారు. ఆ మాటలో మేమే ల్యాకపోతిమి." ప్రమీల చేయి పట్టుకుని నొక్కింది. "కోతల పండుగకు రాండి. మానుకోవద్దు. గుమ్మడికాయ వందకు పాడుకుంటే చాలు."

ప్రమీల ఏడుపులోనే నవ్వింది.

నంద్యాల బస్సులో జెస్సికా కిటికీ పక్కన కూర్చుంది. పక్క సీటు ఖాళీగా ఉంది. ఇమ్మానుయేలు అలవాటుగా వెనక్కి పోబోతుంటే, ఆ అమ్మాయి తన సంచి తీసి ఒడిలో పెట్టుకుంది. ఆయన సంకోచంగా కూర్చున్నాడు. ప్రమీల వాళ్ల వెనక సీట్లో కూర్చుంది.

ఊరు దాటింది. ఎండిన పొలాలు వెనక్కి పోతున్నాయి. శిరివెళ్ల దగ్గర బస్సు ఆగి కదిలాక, కిటికీలోంచి చూపు మరల్చకుండానే జెస్సికా అంది.

"ఆ ఏడాది సంగతి చెప్పు నాయనా. నా సీటు వచ్చిన ఏడు. ఏదీ దాచొద్దు."

ఇమ్మానుయేలు ముందు సీటు కమ్మీ పట్టుకున్నాడు.

"అబ్రహామన్న కాడికి పోతి. ఈ ఒక్క ఏడాది ఆపుతా అన్నా, పాప ఫీజు కట్టుకుంటా అని అడిగితి. నన్నెందుకు అడుగుతావు, నాది కాదు గదా, ఆయన్నే అడుగు అన్నాడు. పోయి చర్చిలో కూచున్యా. దినమంతా కూచోని అడిగినా. ఏం జవాబు రాలే. రాలేదంటే కట్టల్లనే గదా అనుకొంటి."

బస్సు చప్పుడులో ఆ మాటలు వెనక సీటుకు సగమే వినబడ్డాయి. ఆ సగానికే ప్రమీల కళ్లు మసకబారాయి.

"నన్ను అడిగింటే జవాబు వచ్చేది గదా నాయనా. నేను ఇంట్లోనే ఉంటిని."

"ఏం చెప్పేదానివమ్మా?"

జెస్సికా ఆలోచించింది. నిజం చెప్పాలనే ఆలోచించింది.

"తెల్దు," అంది చివరికి. "ఒద్దనే చెప్పింటానేమో. ఏడ్చి గోల చేసుంటానేమో. అయినా అడిగింటే బాగుండు."

"బాగుండు," అన్నాడు ఇమ్మానుయేలు.

ఆమె తల మెల్లగా ఆయన భుజం మీద వాలింది. ఆయన కదిలితే ఎక్కడ తీసేసుకుంటుందోనని, నంద్యాల వచ్చేదాకా ఊపిరి కూడా గట్టిగా తీయకుండా కూర్చున్నాడు.